పిన్నిగారి ముందు స్టూలు

ఇప్పటి డాక్టర్లు తప్పు జరిగితే ముందు లాయరుకి ఫోన్ చేస్తారు. మాకా భాగ్యం లేదు. మా మెడికల్ కాలేజీలో శనివారం వచ్చిందంటే క్షమాపణ చెప్పడం నేర్పే క్లాసు. పాత లెక్చర్ హాల్లో ఒక కుర్చీ, దాని ముందు పొట్టి స్టూలు. కుర్చీలో మేమంతా పిన్నిగారని పిలిచే ఆవిడ, స్టూలు మీద మాలో ఒకరు. చేయని తప్పుకి ఆవిడకి క్షమాపణ చెప్పాలి. అబ్బ, ఆ శనివారాలు మళ్లీ రావు!

పిన్నిగారు ఒకప్పుడు నాటకాలాడిన మనిషి. రోగి భార్యగానో తల్లిగానో నటించడానికి సర్జరీ పెద్దసారే పిలిపించారు. ఆవిడ భర్త ఆ సారు ఆపరేషన్ చేశాకే పోయాడని మాకు తెలుసు. అయినా సారు మీద ఈగ వాలనిచ్చేది కాదు. ఆవిడ నోటి దురుసు మాత్రం నటన కాదు. "ఏవయ్యా, తప్పు ఒప్పుకుంటున్నావా, బస్సు టైము చెప్తున్నావా?" అని నన్ను ఏడిపిస్తే క్లాసంతా పగలబడి నవ్వింది. తర్వాత తనే భుజం తట్టి, "ఈసారి కళ్లలోకి చూసి చెప్పు నాన్నా" అంది.

ఒక శనివారం మా క్లాసు వాగుడుకాయ వంతు వచ్చింది. ఆపరేషన్ జరిగిన సాయంత్రమే భర్త పోయాడు, భార్యకి చెప్పాలి. ఆరోజు కథ సారే ఇచ్చారు. వాడు తడబడి నోటికొచ్చింది అనేశాడు.

"ఆపరేషన్ అయ్యాక మీరేమైనా నీళ్లు తాగించారా అండీ?"

పిన్నిగారి మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

"తాగించాను బాబూ. రెండు గుక్కలు. నర్సమ్మ వద్దంది. దాహం దాహం అని ఏడుస్తుంటే చూడలేకపోయాను. నా చేతులతో నేనే చంపుకున్నాను మా ఆయన్ని."

అది నటన కాదని మాకు వెంటనే అర్థం కాలేదు. వెనక బెంచీలో కూర్చున్న సారుకి అర్థమైంది. వచ్చి, వాగుడుకాయని లేపి, ఆ స్టూలు మీద తాను కూర్చున్నారు.

"నీళ్ల వల్ల కాదమ్మా. లోపల ఒక రక్తనాళం నేను సరిగ్గా కట్టలేదు. రక్తం పోతోందని ఆలస్యంగా తెలుసుకున్నాను. ఆరోజే చెప్పాల్సింది, భయపడ్డాను. మిమ్మల్ని పిలిపించిందీ చెబుదామనే. వారం వారం పిల్లల చేత చెప్పించాను గానీ నాకు నోరు రాలేదు. తప్పు నాది. క్షమించండి."

కొడుతుందనుకున్నాం. కొట్టినా బాగుండేది.

"అయితే నీళ్లు కాదా?"

"కాదమ్మా."

పిన్నిగారు మొహం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మాలో ఏడవనివాళ్లు లేరు. చాలాసేపటికి తలెత్తింది.

"మిమ్మల్ని క్షమించే సంగతి తర్వాత చూద్దాం డాక్టరుగారూ," అంది. "ఆ రెండు గుక్కల పుణ్యాన మా ఆయన దాహంతో పోలేదు. ఇవాళ్టికి నాకది చాలు."