గంగమణి ముట్టని ముద్ద

కడుపు నిలవకుండా వేసుకునే గోలిని డాక్టరు చిట్టి లేకుండానే అమ్ముతున్నారని టీవీలో చెప్పిన కొత్తలు. చనిపోయిన పెద్దలకు అన్నం పెట్టే పెత్తరమాస నాడు పొద్దున్నే భీమవ్వ, తన కోడలు గోదావరిని వెంటబెట్టుకుని బోధన్‌లో దేవన్న మందుల దుకాణానికి పోయింది. రాత్రి నిరోధ్ చినిగిందని కోడలు ఏడుస్తూ చెప్పింది మరి! మొన్నటి కాన్పులోనే ఆ పిల్ల చావును చూసొచ్చింది. మళ్లీ కడుపైతే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ చెప్పి పంపింది.

"టీవీల సూపిస్తున్నరు సూడు, గా గోలి ఇయ్యి దేవన్నా."

"నీకా, అవ్వా?"

"నాకే. ఇయ్యాల పెత్తరమాస గదా, సచ్చిన మీ తాత యాడొస్తడోనని బుగులు!"

దేవన్న పగలబడి నవ్వాడు. పొట్లం ఇస్తూ గోదావరి వైపు తిరిగి మెల్లగా అన్నాడు: "ఎంత జల్దీ ఏస్కుంటె అంత మంచిది, చెల్లే."

ఇంటికి రాగానే గోదావరి గోలి మింగడానికి నీళ్లు ముంచుకుంది. భీమవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆగు బిడ్డా. పెద్దలకు పెట్టకముందు మనం ఏం మింగద్దు."

గోడ మీద ముద్దలు పెట్టారు. భీమవ్వ మామ ముద్ద, మొగుడి ముద్ద కాకులు ఎత్తుకుపోయాయి. చెల్లెలు గంగమణి ముద్ద మాత్రం అట్లాగే ఉంది. పెట్టేవాళ్లు లేరని దానికి ఏటా భీమవ్వే పెడుతుంది. చెరుకు కొట్టే దినాల్లో కడుపు పోవాలని ఎవరో ఇచ్చిన కషాయం తాగి చచ్చిపోయిన పిల్ల. నీళ్లు తాగితే మందు పారదని ఆ పొద్దు ఎవరూ చుక్క పోయలేదు.

పొద్దు నెత్తికెక్కింది. ఒక కాకి ముద్ద పక్కన వాలింది. ముట్టలేదు, తల తిప్పి ఇంట్లోకే చూస్తోంది.

"అక్కా, నీళ్లు."

భీమవ్వ ఉలిక్కిపడి తిరిగింది. గోదావరి పసిపిల్లను ఒళ్లో వేసుకుని, పొట్లం పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. పెదవి మెదపనేలేదు.

భీమవ్వ ఉరికొచ్చి పొట్లం చించింది.

"ఏస్కో బిడ్డా, ఏస్కో! పెద్దలు ఆగుతరు, గిది ఆగది."

"పాపం తగులుతదేమో, అత్తా..."

"తగుల్తె నాకు తగలనీ. మింగు!"

గోదావరి గుటుక్కున మింగింది. భీమవ్వ చెంబెడు నీళ్లు తెచ్చి గంగమణి ముద్ద పక్కన పెట్టింది. ఇన్నేండ్లూ అన్నమే పెట్టింది కానీ నీళ్లు పెట్టాలని తోచనేలేదు.

ఆనాటి నుంచి రోజూ పెట్టింది. మూత వేసి పెట్టినా, పొద్దున చూస్తే చెంబు ఖాళీ.

గోదావరికి ముట్టయిన నాడు మాత్రం నీళ్లు నిండుగానే ఉన్నాయి.