బోడిగట్టు మీద సాళ్లు

"గుంటూరు కందకాలంట! గట్టు మనది, కందకాలేమో గుంటూరువంట!"

ఫోను స్పీకర్లో పెట్టి మంచం మీద పడేసి, ఇల్లు ఎగిరేలా అరిచాడు మీరావలి. వసారాలో ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్న అతని తల్లి రసూల్‌బీ చేయి ఆగిపోయింది.

"గుంటూరులో తవ్వడానికి మనమెందుకురా? అక్కడ మనుషులు లేరా?"

ఎదురుగా కూర్చుని తొడిమలు తీస్తున్న కోడలు నజీరాకు మాత్రం మాట సరిగ్గానే వినిపించింది. ఫోనులో ఉన్నది శ్రీదుర్గ. ఊరి వెనకున్న చెట్టూచేమా లేని కొండ, బోడిగట్టు మీద జనం చేత మొక్కలు నాటించడానికి వినుకొండ నుంచి వస్తున్న సంస్థ అమ్మాయి.

"గుంటూరు కాదయ్యా, కంటూరు. గట్టు వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో తవ్వమంటంది. వాననీళ్లు జారిపోకుండా ఆగుతాయంట" అంది నజీరా.

"అదేనండీ" అంది ఫోను. "కింది సగం మీరు చేయించండి మీరావలిగారూ. పై సగం ఆడవాళ్ల జట్టుకిద్దాం. దానికి నజీరాగారిని మేస్త్రీగా పెడదామనుకుంటున్నాం."

ఫోను కట్టేసి మీరావలి పగలబడి నవ్వాడు. "మేస్త్రీ అంట! గుంటూరో, కంటూరో, పుట్టి బుద్ధెరిగిన కాడ్నుంచి మిరప వేస్తన్నా. నీళ్లు ఎటు పోవాలో నాకు చెప్తావే? తొడిమలు చూసుకో."

మేస్త్రీ అనే మాటలో స్త్రీ ఉందని నజీరాకు అప్పుడే తట్టింది. పెళ్లైన దగ్గర్నుంచీ మేస్త్రీల ముందు తట్టతో నిలబడుతూనే ఉంది. తట్ట నెత్తికెక్కింది గాని ఈ ముక్క బుర్రకెక్కలేదు. ఆ పని తనకిస్తారా, ఇస్తే ఇంట్లో ఎలా అడగాలి అన్న ఆలోచన మిరపఘాటులా పట్టుకుంది. తొడిమలు తీసిన వేళ్లు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుని, ఆ వేళ్లతోనే పిండి కలిపి, రొట్టెలు కాల్చి, అందరికీ పెట్టి, మిగిలింది తిని, మళ్లీ వచ్చి తొడిమల దగ్గర కూర్చుంది. "మా కోడలికేం, ఇంట్లో ఖాళీగానే ఉంటది" అని రసూల్‌బీ వాకిట్లో ఎవరితోనో చెబుతోంది. ఖాళీ అన్న మాట ఇంత బరువుంటుందని మోసేవాళ్లకే తెలుస్తుంది.

మిరపచేలో నీళ్లు నిలబడితే వేరు కుళ్లి తోట మొత్తం తల వాల్చేస్తుంది. అందుకే ఈ నేల మీద పుట్టిన రైతు ఎక్కడ పార పట్టినా ముందు నీళ్లు బయటికి పోయే దారి తీస్తాడు. ఆ అలవాటుతోనే మీరావలి గట్టు కింది సగంలో పైనుంచి కిందికి, పాపిడి తీసినట్టు, తిన్నగా సాళ్లు తవ్వించాడు. మగవాళ్లు గడ్డపారలతో రాతినేల పెకిలిస్తుంటే ఆడవాళ్లు మట్టి ఎత్తిపోశారు. బోడిగట్టుకు ఒళ్లంతా వాలే, నజీరాకే నడుం వాల్చే వీల్లేదు. ఉండబట్టలేక తట్ట దించి, "అడ్డంగా కదయ్యా తవ్వాల్సింది?" అంది. "మా ఆవిడ ఇంజినీరింగు చదివిందిరోయ్, వంటింట్లో!" అన్నాడతను. గట్టు గట్టంతా నవ్వింది. నజీరా కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో ఆమెకూ తెలియదు. నలుగురిలో మొగుడు జోకేస్తే నవ్వడం కూడా ఇంటిపనుల్లో ఒకటి.

ఆ సాయంత్రం దంచి కొట్టిన ఒక్క వానకు సాళ్లన్నీ వాగులయ్యాయి. పొద్దున జనం వెళ్లి చూసేసరికి గట్టు మీద మిగిలిన గుప్పెడు మట్టీ కిందికి దిగిపోయి, పాదం దగ్గర పెట్టిన సీతాఫలం, కానుగ మొక్కల సంచులను మెడల దాకా పూడ్చేసింది. వాటికి నీళ్లు పోసి పెంచిన పొరుగింటి కోటిరత్నం బురదలో కూలబడింది. శ్రీదుర్గ చెప్పులు చేత్తో పట్టుకుని పైకీ కిందికీ చూసింది.

"ఇలా తవ్వమని ఎవరు చెప్పారండీ?"

"మా ఆవిడేనండీ" అన్నాడు మీరావలి, కళ్లార్పకుండా. "ఆ రోజు నాకంటే ముందు మీ ఫోను ఎత్తింది ఆమేగా. గుంటూరు కందకాలని చెప్పింది. చెవులు కాస్త మందం. ఆడమనిషి, పోనీయండి. పై సగం పని కూడా నేనే చూసుకుంటాలే."

అందరి మొహాలూ ఒక్కసారి నజీరా వైపు తిరిగాయి. "ఎందుకొచ్చిన గొడవ, పొరపాటైందని చెప్పవే" అని రసూల్‌బీ మోచేత్తో పొడిచింది.

నజీరాకు కాళ్ల కింద గట్టు ఇంకోసారి జారినట్టయింది. అతను అబద్ధమాడినందుకు కాదు. తన నోరు అప్పటికే తెరుచుకుని ఉంది, "నాదే తప్పండీ" అనే మాట నాలుక చివరిదాకా వచ్చి చెప్పులేసుకుని నిలబడి ఉంది! పురుగుమందు డబ్బా మారి తోట మాడిన ఏడు, తెచ్చినవాడు అతనైతే, "నేనే తప్పు చెప్పా" అంది. ఆడపడుచు పెళ్లిలో పెద్దమనుషులకు కబురందకపోతే, "నేనే మర్చిపోయా" అంది. "వాడు పదిమందిలో తిరగాల్సినోడు. నీ తలకేం, ఇంట్లో ఉండే తలేగా" అని అత్త నచ్చజెప్పినప్పుడల్లా నిజమే కదా అనుకుంది. అవన్నీ పోనీ. ఇప్పుడు, ఈ బురదలో నిలబడి, ఒక్క క్షణం ఆమెకు నిజంగానే అనుమానమొచ్చింది: ఫోను నేనే ఎత్తానా? గుంటూరని నేనే అన్నానా? చేయి దానంతటదే చెవి మీదికి పోయింది. ఆ చేతిని చూసుకుని ఆమె హడలిపోయింది. ఇన్నేళ్లలో వాన గట్టు మీది మట్టిని తీసుకుపోయినట్టు, తన చెవుల మీద తనకున్న నమ్మకాన్ని కూడా ఎవరో కొంచెం కొంచెంగా కిందికి దింపుకుపోయారు.

"ఫోను నేను ఎత్తలా మేడం" అంది.

"ఏమేవ్!" అన్నాడు మీరావలి.

"ఉండయ్యా, అందరికీ ఒకేసారి చెప్తా." నజీరా శ్రీదుర్గ వైపు తిరిగింది. "ఫోను మంచం మీద స్పీకర్లో ఉంది. మాట్లాడింది ఆయన. గుంటూరన్నదీ ఆయనే. కంటూరని నేను అక్కడే చెప్పా, మీరూ అదేనన్నారు. కాబట్టి సరైన మాట అందరికీ ఇనపడింది. మిరపచేలో నీళ్లు నిలవకూడదు, అందుకని దారి తీస్తాం. ఆయన గట్టునీ మిరపచేనే అనుకున్నాడు. ఇక్కడ నీళ్లు నిలవాలి. తప్పని తెలిసీ నేను తట్ట ఎత్తా, అంతవరకే నా తప్పు. ఫోను సంగతి, నా చెవుల సంగతి, ఇప్పుడు మొక్కలు మునిగాక పుట్టిన మాటలు."

ఈసారి గట్టు మీద ఎవరూ నవ్వలేదు.