ముందు పెట్టిన పేరు

ఎండు మొక్కలు దాచే ఆ కార్యాలయంలో ఆమె పని, మొక్కల్ని దళసరి కాగితాలకు అతికించి కింద చీటీ రాయడం. మొక్కలకీ మనలాగే ముందు ఇంటిపేరు, వెనక సొంత పేరు. పేరు చెల్లినన్నాళ్లూ ఆ ఎండు కొమ్మ రోజూ పొద్దున్నే ఒక పువ్వు పూస్తుంది. రేకులు ఎత్తలేక ఊడ్చే మనిషి సణుక్కునేది తప్ప, ఎవరికీ అదో విశేషం కాదు.

ఆమె మాత్రం రాగానే మూడో బీరువా తెరిచేది. అందులో భర్త కొండల్లో వెతికి తెచ్చిన మొక్క ఉంది. ఆయనా అక్కడే శాస్త్రవేత్త. జ్వరంతో పోయిన ఏడేళ్ల కూతురి పేరే దానికి పెట్టాడు. ఆ తర్వాత ఆ పేరు ఇంట్లో ఎత్తలేదు. ఆమె ఎత్తబోతే లేచి బయటికి వెళ్లిపోయేవాడు. పదకొండేళ్లుగా ఆమెకు ఆ నీలం పువ్వే దిక్కు. అందుకే కార్యాలయం మూసి ఉండే ఆదివారాలంటే ఆమెకు గిట్టదు.

ఒకరోజు అటక దులుపుతుంటే నూరేళ్లనాటి కట్ట దొరికింది. ముడి విప్పగానే ఆ నీలం పువ్వు వాసనే. అదే మొక్క, ఎవరో ఎప్పుడో పెట్టిన వేరే పేరుతో. ఒకే మొక్కకు రెండు పేర్లుంటే ముందు పెట్టిందే నిలుస్తుంది. ఆ నియమం ఆమెకు కొట్టిన పిండి.

తిరిగి కట్టి లోపలికి తోసేస్తే అడిగే నాథుడు లేడు. దారం బిగించబోతే దాని కింద ఆ పొద్దున పూయబోయి నలిగిన మొగ్గ కనబడింది. ఇది ఎవరు ముద్దుగా పెట్టుకున్న పేరో అనుకుంది. ఇక ముడి వేయడానికి చేతులు రాలేదు.

కట్ట తెచ్చి భర్త ముందు పెట్టింది. ఆయన భూతద్దంలో చూస్తూ చూస్తూ పాలిపోయాడు.

"దాచేసి ఉండొచ్చుగా," అన్నాడు.

"అనుకున్నాను. మనసొప్పలేదు. మన పిల్ల పేరు ఏమవుతుందండీ?"

"పాతదాని కింద రాస్తారు. ఈ ఇంటిపేరుతో ఇంకే మొక్కకూ దాన్ని పెట్టరు. ఎప్పటికీ."

ఆమె చీటీ తీసుకుంది. ఆయన చెప్పడం, ఆమె రాయడం వాళ్ల అలవాటు. పాత పేరు చెప్పాడు, రాసింది. కింది వరుసలో కలం ఆపింది.

"రెండోది చెప్పండి."

ఆయన కళ్లద్దాలు తీశాడు. చీటీ మీది పేరులా కాదు, సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతూ పిలిచినట్టు, కూతుర్ని పిలిచాడు. ఆమె ఏడుస్తూనే రాసింది.

మర్నాడు మూడో బీరువాలో కొమ్మ ఒట్టిదే. ఆ ఆదివారం ఇంట్లో ముందుగా ఆయనే పేరెత్తాడు. పొద్దువాలేదాకా ఇద్దరూ పిల్ల గురించే మాట్లాడుకున్నారు.