కువైట్ వెళ్లిన నంబరు

దీనమ్మ కూతురు జెస్సీ కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తుంది. ఆ ఇంటావిడ పనిపిల్ల ఫోను బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. శుక్రవారం పొద్దున ఒక్క గంట మాత్రం చేతికిస్తుంది. ఆ గంట కోసం కొత్తపేట దగ్గరి పల్లెలో దీనమ్మ వారమంతా కాచుకుని ఉంటుంది.

మూడేళ్ల కిందట బ్యాంకువాళ్లు నంబరు అడిగితే దీనమ్మ కూతురి నంబరే రాయించింది. తనది బొత్తాల ఫోను. పిల్ల చదువుకుంది, ఏ మెసేజీ వచ్చినా చదివి చెబుతుందని ధీమా. ఆధార్‌కీ ఆ నంబరే. తరవాత అది జెస్సీతో పాటే విమానమెక్కింది. ఈ చుట్టుపక్కల గల్ఫు ఇళ్లలో సగం నంబర్లు అలా వెళ్లిపోయినవే కనక, అందులో తప్పేమిటో ఎవరికీ తోచలేదు.

మంగళవారం ఆమె మొగుడు ప్రభాకరరావు కాలు నల్లబడింది. షుగరు పాతదే. అమలాపురంలో ప్రైవేటు డాక్టరు చూసి, మోకాలి కింద తీసేయాలి, రెండు రోజులు దాటితే విషం ఒళ్లంతా పాకుతుందన్నాడు. ముందు నలభై వేలు కట్టమన్నారు. దీనమ్మ కంగారుపడలేదు. జెస్సీ పంపిన లక్షకు పైనే తన ఖాతాలో ఉంది మరి.

బుధవారం బ్యాంకులో ఆఫీసరు లావణ్య కంప్యూటరు చూసి నిట్టూర్చింది.

"కేవైసీ గడువు దాటి ఖాతా ఆగిపోయిందండి. మెసేజీలు పంపేం కదండీ?"

పంపారు. అవన్నీ కువైట్ బీరువాలో భద్రంగా ఉన్నాయి. శుక్రవారం ఆ గంటా తల్లీకూతుళ్ల మాటలకే సరిపోయేది, మెసేజీలు తెరిచే తీరిక జెస్సీకి ఉండేది కాదు.

"వేలిముద్ర వెయ్యండి, ఇప్పుడే అయిపోద్ది."

దీనమ్మ ముప్పై ఏళ్లు కొబ్బరిపీచు తాళ్లు పేనింది. ఆ తాళ్లు వేలి గీతలన్నీ తినేశాయి. పది వేళ్లూ పెట్టింది, చెంగుకు తుడిచి మళ్లీ పెట్టింది. మిషను ఒక్కదాన్నీ ఒప్పుకోలేదు.

"అయితే మీ నంబరుకి ఓటీపీ వస్తుందండి. అది చెప్పాలి."

"అది మా అమ్మాయి దగ్గరుందమ్మా. శుక్రవారం దాకా ఫోను ఇవ్వరు."

"నంబరు మార్చాలంటే వారం పడుతుందండి."

"పుస్తకం ఉంది, మనిషిని నేనున్నాను. నా మొహం నీకు తెలీదా తల్లీ?"

"నాకు తెలుసండి. మిషనుకి తెలియాలి కదండీ."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారమ్మకి ఇవ్వాలనే ఉంది, పాపం. తాళం చెవే ఆమె చేతిలో లేదు.

అప్పు అడిగితే పక్కింటి వరహాలమ్మ నవ్వేసింది. "కువైట్ డబ్బు పెట్టుకుని మమ్మల్ని అడుగుతావేంటి వదినా?" ఊరంతా అదే మాట. చెవిదిద్దులు తాకట్టు పెడితే ఆరు వేలు వచ్చాయి. ఆ డబ్బుతో గురువారం పొద్దున కాకినాడ ధర్మాసుపత్రికి తీసుకెళదామని దీనమ్మ కారు మాట్లాడింది. ఎదుర్లంక వంతెన మీదే ప్రభాకరరావు ప్రాణం పోయింది. కారు అక్కడి నుంచే వెనక్కి తిరిగింది.

శుక్రవారం శవాన్ని ఇంట్లో ఉంచి దీనమ్మ బ్యాంకుకి వచ్చింది. చూసినవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. శవపెట్టె ఎవరు కొంటారో మాత్రం ఒక్కరూ అడగలేదు.

పదకొండింటికి జెస్సీ ఫోను చేసింది. లావణ్య వెంటనే ఓటీపీ పంపింది. ముందే చెబితే పిల్ల కుప్పకూలిపోతుంది, ఓటీపీకి పది నిమిషాలే గడువు. అందుకని దీనమ్మ ముందు నంబరే అడిగింది. అలా లెక్క వేసుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. జెస్సీ ఆరంకెలూ చదివింది, తల్లి ఒక్కొక్కటీ పైకి అప్పజెప్పింది.

"అయిపోయిందండి. ఎంత కావాలండి?" అంది లావణ్య.

ఫోనులో జెస్సీ సంబరపడింది. "అమ్మా, డబ్బు దాచొద్దు. పోయినవారం నాన్న కాలు నొప్పన్నారు కదా, మంచి డాక్టరుకి చూపించు."

ఇంటికెళ్లాక నెమ్మదిగా చెబుదామనే అనుకుంది దీనమ్మ. కానీ ఇల్లు చేరేసరికి ఆ ఫోను మళ్లీ బీరువాలోకి పోతుంది.

"మీ నాన్న పోయేరు జెస్సీ. ఈ డబ్బు పెట్టెకి."



"ఎప్పుడమ్మా?"

"నిన్న. గురువారం కదా, నీకు ఫోను ఇవ్వరు కదమ్మా."

ఆ మాట కూతురికి ఎలా తగులుతుందో అనేశాక గానీ దీనమ్మకు తట్టలేదు. అప్పటికే జెస్సీ, "నేను దొంగతనంగానైనా తీసుకోవాల్సింది, నేను తీసుకోవాల్సింది," అని అంటూనే ఉంది.