ఒకే గాటన కట్టిన ఉల్లీ, పుట్టగొడుగూ

మార్కెట్ ఆఫీసులో కుర్చీలు అరగదీస్తున్న పెద్దలారా, తప్పు మీదే. అడవి ఉల్లినీ పుట్టగొడుగునీ ఒకే గాటన కట్టింది మీరే. అడవి సరుకేదైనా మొదలంటా తవ్వి తెస్తేనే అమ్మనిస్తామని గోడకి కాగితం అంటించారు. రాసినవాడు అడవిలో ఒక్కసారైనా నడుం వంచాడా?

మా పిన్ని ముప్పై ఏళ్లుగా రెండూ తెచ్చి అమ్ముతోంది. పుట్టగొడుగుని మొదలంటా తవ్వే తెస్తుంది. కొన్ని విషపువాటికి అడుగున గిన్నెలాంటి తొడుగుంటుంది, అది చూడందే ఆవిడ నమ్మదు. తవ్వినా దాని ప్రాణం మట్టిలో దారాలై ఉంటుంది, వానకి మళ్లీ లేస్తుంది. ఉల్లి అలా కాదు. గడ్డ పీకామా, అయిపోయింది. అందుకే ఆకే కోస్తుంది.

ఇవాళ పొద్దున తనిఖీ అధికారి వచ్చాడు. పుట్టగొడుగులు తిప్పి చూసి తలూపాడు. ఉల్లాకు దగ్గర ఆగి గడ్డలేవన్నాడు. రేపు గడ్డలతో తేకపోతే బల్ల ఎత్తేస్తానన్నాడు. అన్నీ పీకేస్తే వచ్చే ఏడాది పిన్నికి కోయడానికేం మిగుల్తుంది? నేను గొంతు చించుకున్నాను. ఆయన ముక్కు చీదాడు.

అక్కడే పిన్నికి తట్టింది. "జలుబా, నాయనా?"

వారంగా వాసనే తెలీట్లేదట. వేరే ఆకుని ఉల్లనుకుని ఎక్కడ సంతకం పెడతానోనని గడ్డ పట్టుకు వేలాడుతున్నాడట. విషపు మొక్కలకీ అచ్చం అలాంటి గడ్డలే ఉంటాయని పిన్ని చెప్పింది.

"పుట్టగొడుగు తన మొదలు దగ్గర నిజం చెప్తుంది. ఉల్లి వాసనలో చెప్తుంది. నీ ముక్కు సెలవు పెడితే నా ఉల్లి ఉద్యోగం పోవాలా?"

పక్క బల్ల చేపలావిడ పడీ పడీ నవ్వి, తన ముక్కు అరువిస్తానంది. ఆ ముక్కుకి లోకమంతా చేపేనని పిన్ని దెప్పింది. దోసెడు ఆకు నలిపి అధికారి మొహం ముందు పెట్టింది. ఆయన మూడుసార్లు తుమ్మాడు. కళ్లు తుడుచుకుని గట్టిగా పీల్చాడు.

"వచ్చిందమ్మా," అన్నాడు, పోయిన బంతి దొరికిన పిల్లాడిలా.

ఇక ఆగలేదు. ప్రతి కట్టలోంచీ ఓ ఆకు నలిపి చూశాడు. కట్టకట్టకీ చెయ్యి కడిగించింది పిన్ని, లేకపోతే చేతికంటిన వాసనే అబద్ధమాడుతుందని. సంతకం పెట్టి, ఓ కట్ట కొనుక్కుని, నవ్వుకుంటూ పోయాడు.

ఆ సంతకం ఇవాళ ఒక్కరోజుకేనట. కాగితం మార్చడం మీ చేతిలో ఉందట. అయితే మార్చండి. రేపు గేటు తెరిచేలోపు దాన్ని చింపి కొత్తది అంటించండి: పుట్టగొడుగు మొదలంటా, ఉల్లి ఆకు మాత్రమే. జలుబు చేసినవాణ్ణి తనిఖీకి పంపకండి.