మందు లేని నమూనా

అక్కాచెల్లెళ్లిద్దరిలో చిన్నది ల్యాబులో పనిచేసేది. లాలాజలంలో నిద్రమాత్రల మందును పట్టే సెన్సరు తయారుచేయడం ఆమె పని. మందు అణువుల చుట్టూ పల్చటి పాలిమర్ పొర పెంచి, తరవాత ఆ అణువులను కడిగేస్తే, పొరలో వాటి ఆకారంలోనే గుంటలు మిగులుతాయి. మళ్లీ ఆ మందు తగిలితే వెళ్లి వాటిలో కూర్చుంటుంది. అప్పుడు పొర గుండా పోయే కరెంటు తగ్గిపోతుంది.

పోల్చి చూడటానికి నిద్రమాత్ర వాడని మనిషి లాలాజలం కావలసి వచ్చింది. పక్షవాతంతో మంచం పట్టిన తల్లికి బీపీ మాత్ర తప్ప వేరే మందు లేదు.

"ఉమ్మితే చాలా? పోన్లే, ఇన్నాళ్లకి ఒక పనికొచ్చాను," అని తల్లి నవ్వుతూ సీసాలో ఉమ్మింది.

ల్యాబులో ఆ నమూనా వేయగానే సెన్సరులో కరెంటు అమాంతం తగ్గింది. సెన్సరు పాడైందనుకుని ఇంకొకటి తీసింది. అదీ అంతే. తన లాలాజలం వేస్తే కరెంటు కదలలేదు. గుంటలు లేని పొరమీద తల్లిది వేసినా కదలలేదు. అంటే తల్లి లాలాజలంలో నిద్రమాత్ర మందు ఉన్నట్టే. తల్లికి తిండీ నీళ్లూ చూసేది అక్క ఒక్కతే.

ఇంటికి రాగానే వంటగదిలోకి వెళ్లింది.

"అమ్మకేం కలుపుతున్నావక్కా?"

అక్క గిన్నె తోముతూనే చెప్పింది. "నిద్రమాత్ర. పాలల్లో. రాత్రంతా పిలుస్తూనే ఉంటుందే. అటు తిప్పమంటుంది, ఇటు తిప్పమంటుంది. నువ్వేమో తలుపేసుకుని పడుకుంటావు. నువ్వు పొద్దున్నే ల్యాబుకి పోవాలిగా మరి!"

"ఊపిరాడక పోతే?"

"నేనే చంపానని అను. అనడానికేం, నోరుంటే చాలు."

గదిలోంచి తల్లి గొంతు వినిపించింది. "దాన్నేమీ అనకే. ఆ చేదు నాకు తెలీదనుకున్నారా? తెలిసే తాగుతున్నా."

అక్క తడిచేతులతోనే ముఖం కప్పుకుంది.

మాత్ర ఆపేశారు. కానీ తల్లికి అప్పటికే దగ్గు పట్టుకుంది. మత్తులో మింగిన పాలు కొద్దికొద్దిగా ఊపిరితిత్తుల్లోకి దిగాయి. జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేర్చారు.

"ఇంట్లో ఏమేం మందులు ఇచ్చేవారు?" అని డాక్టరు అడిగాడు.

అక్క చెల్లెలి వంక చూసింది.

"బీపీ మాత్ర. నిద్రమాత్ర కూడా," అంది చెల్లెలు. "మేమే ఇచ్చేవాళ్లం."

తల్లి ఇంటికి తిరిగి రాలేదు.

ఇప్పుడు పిలిచేవాళ్లెవరూ లేకపోయినా అక్కకు నిద్ర పట్టడం లేదు. చెల్లెలు తన పక్కను ఆమె గదిలోకి మార్చుకుంది.