బట్టల బీరువాలో బస్సు

ఆ ఇంట్లో నిశ్శబ్దం దొరికే చోటు ఒక్కటే, పడగ్గదిలోని బట్టల బీరువా. వేలాడే కోట్ల కింద చిన్న పీట వేసుకుని ఆమె కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. అయినా చుట్టూ ఉన్న బట్టలు చప్పుళ్ళన్నీ మింగేస్తాయి కాబట్టి మైకులో గొంతు శుభ్రంగా పలుకుతుంది.

గొంతే ఆమె ఉద్యోగం. లిఫ్టుల్లో, ఆసుపత్రి వరండాల్లో, బ్యాంకు ఫోన్లలో జనానికి దారి చెప్పిన గొంతు అది. రెండో కాన్పు తర్వాత మూడేళ్ళుగా ఇంట్లో వాళ్ళకి తప్ప ఎవరికీ వినపడలేదు. ఇప్పుడు ఊళ్ళో బస్సులన్నింటికీ కొత్త గొంతు కావాలన్నారు. పాత పరిచయం కొద్దీ స్టూడియో ఆయన నలభై వాక్యాలు పంపించి, సాయంత్రం అయిదులోపు చదివి పంపమన్నాడు. వరుసలో ఇంకో ఇద్దరున్నారని కూడా చెప్పాడు. ఈసారి తప్పితే, పాపం పిల్లల తల్లి, ఆమెనెందుకు ఇబ్బంది పెట్టడం అని ఇక ఎవరూ పిలవరు. ఆ జాలి అంటేనే ఆమెకు భయం.

పిల్లలిద్దరు. ఆరేళ్ళ కూతురు ప్రతిదానికీ వాదిస్తుంది గనక లాయరు. మూడేళ్ళ కొడుకు బుడ్డోడు. అమ్మ మాటను ఇద్దరూ ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తారు. ఒకనాటి ఉదయం పళ్ళు తోమించే యుద్ధంలో ఓడిపోయి, ఓపిక నశించి, ఆమె పాత లిఫ్టు గొంతుతో, “ప్రయాణికులకు విజ్ఞప్తి. పళ్ళు తోముకోవలసిన వారు కుళాయి వద్దకు రావలెను,” అంది. ఇద్దరూ వచ్చి వరుసలో నిలబడ్డారు. అప్పటినుంచీ ఆ ఇంట్లో అమ్మ వేరు, ప్రకటన వేరు. ప్రకటనకు ఎదురు చెప్పే ధైర్యం లాయరుకు కూడా లేదు.

ఆవేళ బడికి సెలవు. ఇద్దరి ముందూ చెక్కముక్కల డబ్బా కుమ్మరించి ఆమె బీరువాలో దూరింది. పదహారు వాక్యాలు నున్నగా సాగిపోయాయి. పదిహేడోది గ్రంథాలయం స్టాపు. అది పూర్తవుతుండగా బీరువా తలుపు కిర్రుమంది. ఎదురుగా బుడ్డోడు. చేతుల్లో నాన్న బూటు, బూటు నిండా నీళ్ళు, నీళ్ళలో తేలుతూ ఒక పళ్ళ బ్రష్షు.

రికార్డింగు ఆపకుండా, అదే ఊపిరిలో, అదే గొంతుతో ఆమె చెప్పింది. “ప్రయాణికులకు విజ్ఞప్తి. నాన్న బూటులో నీళ్ళు పోయరాదు. బూటును తెచ్చిన చోటనే ఉంచగలరు. ధన్యవాదాలు.”

బుడ్డోడు బుద్ధిగా వెనక్కి తిరిగాడు. ఆ ముక్కను తర్వాత కోసేయొచ్చనుకుని ఆమె మిగతావి చదివేసింది. కోసే సమయానికి లాయరు వచ్చి పక్కన నిలబడింది. తడిసింది కుడి బూటు ఒక్కటే కాబట్టి నేరం సగమేనని, శిక్ష కూడా సగమే ఉండాలని తమ్ముడి తరఫున వాదించసాగింది. వింటూ, ఊకొడుతూ, ఆ హడావిడిలో ఆమె గ్రంథాలయాన్ని కోసేసి బూటును ఉంచేసింది. మళ్ళీ వినకుండా పంపేసింది కూడా.

రెండింటికి ఫోను వచ్చింది.

“అమ్మా, మన ఊళ్ళో నాన్న బూటు అని స్టాపుందా?” అన్నాడు స్టూడియో ఆయన. “ఏ రూటులో వస్తుంది?”

ఆమెకు బీరువాలోకి వెళ్ళి ఇక బయటికి రాకూడదనిపించింది. క్షమాపణలు మొదలుపెట్టేలోగా ఆయనే అందుకున్నాడు.

“ఉండమ్మా. మిగతా ముప్పై తొమ్మిదీ చక్కగా చదివావు. చదివావు, అంతే. బూటు దగ్గర మాత్రం ఎవరితోనో మాట్లాడావు. నాకు అన్నీ అలా కావాలి. అయిదు దాకా చూస్తాను.”

ఆమె మళ్ళీ బీరువాలో కూర్చుని కోట్లతో మాట్లాడి చూసింది. కోట్లు ఎవరి బూట్లూ తడపవు, ఎంత ప్రయత్నించినా వాటి మీద ప్రేమగానీ కోపంగానీ రాదు. మూడున్నర అయింది. నాన్న ఆరుకు గానీ రాడు. తలుపు తోసి చూస్తే, బయట నేల మీద ఇద్దరూ చెవులు బీరువాకు ఆనించి కూర్చుని ఉన్నారు.

ఇక మొండిధైర్యమే దిక్కయింది. ఇద్దరినీ లోపలికి లాక్కుంది. ఇది బస్సని, మాట్లాడితే డ్రైవరు దింపేస్తాడని చెప్పింది. డ్రైవరెవరని లాయరు అడిగితే నాన్న కోటును చూపించింది. టిక్కెట్ల కింద తలా ఒక మేజోడు ఇచ్చింది. కిటికీ పక్క సీటు కోసం కాసేపు తగువు నడిచింది. అది తేలేసరికి బుడ్డోడికి ఒంటికి వచ్చింది. చివరికి బస్సు నాలుగూ పదికి కదిలింది.

ఈసారి ఆమె కాగితం వంక తక్కువ, మొహాల వంక ఎక్కువ చూసింది. దయచేసి ముందుకు జరగండి అంటే లాయరు ముక్కు మైకుకు తగిలేదాకా జరిగింది. మీ సామాను మరచిపోకండి అంటే బుడ్డోడు తడి బూటును గుండెలకు హత్తుకున్నాడు. నవ్వు ఆపుకుంటుంటే ఆ నవ్వు ఎక్కడో గొంతులో కలిసింది. రోజూ కుర్చీలు ఈడ్చే పై ఇంటివాళ్ళు ఆ అరగంటా ఒక్క కుర్చీ కూడా కదపలేదు. అలాంటి ఉపకారాలకు ఎవరికి కృతజ్ఞత చెప్పాలో తెలియదు.

“ఇది చివరి స్టాపు. అందరూ నెమ్మదిగా దిగండి,” అంది, నలభయ్యో వాక్యంగా.

ఎవరూ దిగలేదు. బుడ్డోడు ఆమె పాదం మీద తల పెట్టుకుని నిద్రపోయాడు. రికార్డింగు ఆగిందని రూఢి చేసుకున్నాక లాయరు నోటి మీద నుంచి రెండు చేతులూ తీసి, అరగంట సరిపడా గాలి ఒక్కసారి పీల్చుకుంది.

ఆమె రెండుసార్లు విని, గ్రంథాలయం ఉందని చూసుకుని, అయిదుకు పది నిమిషాల ముందు పంపింది. మర్నాడు ఆయన ఫోను చేసి, బూటు స్టాపు తీసేసినందుకు కాస్త బాధగా ఉందని, పని మాత్రం ఆమెదేనని చెప్పాడు.

రెండు నెలలకు ముగ్గురూ బస్సెక్కారు. పైకప్పులోంచి గొంతు ముందుకు జరగమనగానే పిల్లలిద్దరూ టక్కున జరిగారు. బుడ్డోడు పైకి చూసి, మూసి ఉన్న అమ్మ నోటిని చూసి, మళ్ళీ పైకి చూశాడు. తమ స్టాపు దగ్గరపడుతుంటే ఆమె, “పదండి, దిగాలి,” అంది.

ఇద్దరూ కదల్లేదు.

“ఇంకా చెప్పలేదుగా,” అంది లాయరు.

“ఇప్పుడేగా చెప్పాను?”

“నువ్వు కాదమ్మా,” అంటూ పైకప్పుకేసి వేలు చూపించింది. “ఆ అమ్మ చెప్పాలి.”

వాదించి లాభం లేదు. ఆమె కమ్మీ పట్టుకుని నిలబడి, తాను ఎప్పుడు చెబుతానా అని వాళ్ళతో పాటే ఎదురుచూసింది.